లినక్స్ ఫైళ్ళ నెలవులు: ఒక నియమావళి గుణదోషములు

ప్రతి ఉన్నత పాఠశాలలోను ప్రధానోపాధ్యాయుని గదిలో రెండు పత్రములు తప్పక కనిపించును. గోడకు తగిలించిన కాలపట్టిక ఒకటి. బల్లమీది హాజరుపట్టీ ఒకటి. కాలపట్టిక బడి తెరచిన వారములో నలుగురు కూర్చుండి ఆలోచించి వ్రాసినది. బుద్ధిపూర్వకముగా ఎవరైన మార్చిననే గాని అది మారదు. హాజరుపట్టీ అట్టిది కాదు. అది దినదినము నిండుచుండును. దానిని నింపుటకు ఎవరి ఆలోచనయు అక్కరలేదు. సెలవు పెట్టిన ఉపాధ్యాయుని గంటను ఆ పూటకు వేరొకరికి అప్పగించి, ఆ సంగతిని గోడమీది కాలపట్టికపైననే పెన్సిలుతో వ్రాయుచు పోయినచో, నెల తిరుగునప్పటికి అసలు పట్టిక ఏదియో, ఆనాటి సర్దుబాటు ఏదియో ఎవరికిని తెలియదు. బడిలో అందరికిని తెలిసిన ఈ చిన్న వివేకమును కంప్యూటరును నడిపించు సాఫ్ట్‌వేరు అలవరచుకొనుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టినది. ఇప్పటికిని అది పూర్తిగా అలవడలేదు.

సాఫ్ట్‌వేరు తన ఫైళ్ళను డిస్కుమీద ఎచ్చట ఉంచవలెనో చెప్పు ప్రసిద్ధ నియమావళి ఒకటి ఉన్నది. దాని పేరు ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్, సంక్షేపముగా ఎఫ్.హెచ్.ఎస్. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనేక బృందములు తమ తమ రీతుల కూర్చి పంచిపెట్టుచున్న కాలమున, ఒకరి కూర్పులో ఒకచోట ఉండు ఫైలు వేరొకరి కూర్పులో వేరొకచోట ఉండెడిది. ఒకదానికొరకు వ్రాసిన ప్రోగ్రాము రెండవదానిలో తన వస్తువులు కానరాక తడబడెడిది. ఈ గందరగోళమును సర్దుటకు 1993 ఆగస్టులో కొందరు పని మొదలిడిరి. 1994 ఫిబ్రవరిలో మొదటి పాఠము వెలువడినది. యూనిక్స్ కుటుంబములోని ఇతర వ్యవస్థలకును వర్తించునట్లు విస్తరించి 1997లో దానినే ఎఫ్.హెచ్.ఎస్. అను క్రొత్త పేరుతో ప్రకటించిరి. 2004లో వచ్చిన 2.3 పాఠము పదునొకండేండ్లు చెలామణి అయినది. 2015లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యమున 3.0 పాఠము వచ్చినది. డెబియన్ వంటి పెద్ద కూర్పులు కొన్ని మినహాయింపులతో దీనిని పాటించుచున్నవి. మన దేశమున సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్‌కు డెబియనే ఆధారము గనుక, ఈ నియమావళి నీడ అంతవరకు ప్రసరించినది.

నియమావళిని పరిశీలించుటకు ముందు రెండు మాటల అర్థము స్థిరపరచుకొనుట అవసరము. అవి అమరిక, స్థితి. భౌతికశాస్త్రము చదివిన విద్యార్థికి లోలకము తెలిసినదే. దాని దారము పొడవును ప్రయోగము చేయువాడు నిర్ణయించును. ఒకసారి కట్టిన తరువాత, విప్పి మరల కట్టిననే గాని ఆ పొడవు మారదు. ఇది అమరిక. ఒక్కొక్క క్షణమున గుండు ఎంత కోణమున ఉన్నది, ఎంత వేగముతో పోవుచున్నది అనునవి లోలకము ఊగుటవలననే మారుచుండును. ఇది స్థితి. అట్లే ఒక ప్రింటరు సర్వీసు ఏ ప్రింటరును వాడవలెను అనునది అమరిక. ఇప్పుడు వరుసలో ఎన్ని కాగితములు నిలిచియున్నవి అనునది స్థితి. మొదటిదానిని మనుష్యుడు వ్రాయును, ప్రోగ్రాము చదువును. రెండవదానిని ప్రోగ్రామే వ్రాసి ప్రోగ్రామే చదువుకొనును.

ఎఫ్.హెచ్.ఎస్. అమరికకు ఇచ్చిన నెలవు /ఈటీసీ. ఈ పేరునకు మూలము ఇత్యాది అను అర్థము గల ఇంగ్లీషు మాటయే. తొలినాటి యూనిక్స్‌లో ఎచ్చటను ఇమడని వస్తువులనెల్ల ఆ అరలో పడవైచెడివారు. యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రాములు సైతము అందే ఉండెడివి. చెత్తబుట్టగా పుట్టినది ఈనాడు కంప్యూటరులోని అతి గౌరవనీయమైన అర అయినది. నియమావళి ప్రకారము /ఈటీసీలో ఉండు అమరిక ఫైలు స్థిరముగా ఉండవలెను, యంత్రభాషలోని ప్రోగ్రాము కారాదు. స్థితికి ఇచ్చిన నెలవు /వార్/లిబ్. దానినిగూర్చి చెప్పిన నియమము ఈ పత్రమంతటిలోను మేలైనదని చెప్పవచ్చును: ఒక ప్రోగ్రాము నడత మార్చుటకు వాడుకరి /వార్/లిబ్‌లోని ఫైళ్ళను ముట్టవలసిన అవసరము ఎన్నడును కలుగరాదు. ఎవరు ఏ ఫైలును వ్రాయవలెనో ఇంత సూటిగా తేల్చిన వాక్యము వేరొకటి ఇందు లేదు.

ఈ విభజనవలన కలుగు లాభము పుస్తకములలో మాత్రమే కనిపించునది కాదు. ఒక పాఠశాల కంప్యూటరులో మార్కుల పట్టికలు మై ఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో ఉన్నవనుకొందము. డిస్కు చెడిపోవునను భయముతో ఉపాధ్యాయుడు /ఈటీసీని మాత్రము పెన్‌డ్రైవునకు ఎక్కించి, అంతయు భద్రమని తలచినచో, ఆయన దాచినది డేటాబేసును ఎట్లు నడుపవలెనను సంగతి, మార్కులు కావు. అవి /వార్/లిబ్‌లో ఉండును. ఏది ఎచ్చట ఉండునో నిశ్చయముగా తెలిసిననాడే ఏది దాచవలెనో, ఏది పోయినను బాధలేదో చెప్పగలము. డిస్కులో కొంత భాగమును చదువుటకే తప్ప వ్రాయుటకు వీలులేకుండ బిగించుటకును ఇదే ఆధారము. అట్లు బిగించినచోట అకస్మాత్తుగా కరెంటు పోయినను ఫైళ్ళు చెడిపోవు భయము చాలవరకు తగ్గును. మన జిల్లాలలో ఈ విషయమును వివరించి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు నియమావళి గుణము. ఇక దాని లోపములు చూడవలసియున్నది.

ఎఫ్.హెచ్.ఎస్. ఫైళ్ళను రెండు విధముల విభజించును. పలు యంత్రములు పంచుకొనదగినవి, పంచుకొనరానివి అని ఒక విభాగము. స్థిరములు, చరములు అని వేరొకటి. ఈ రెంటిని అడ్డముగను నిలువుగను వ్రాసి నాలుగు గళ్ళ పట్టికగా చూపినారు. పట్టిక చూచుటకు చక్కగా ఉన్నది. ఐతే మొదటి విభాగము ఒకనాటి పరిస్థితులనుండి పుట్టినది. ఆనాడు డిస్కు ఖరీదైన వస్తువు. ఒక పెద్ద యంత్రము డిస్కును పది చిన్న యంత్రములు తీగెలద్వారా పంచుకొనెడివి. నేడు చేతిఫోనులోనే ఆనాటి విశ్వవిద్యాలయములకు లేనంత నిల్వ ఉన్నది. పంచుకొనుట అను ప్రశ్న వెనుకబడి, పోయినచో ఏమగును అను ప్రశ్న ముందునకు వచ్చినది. నియమావళి ఈ ప్రశ్నను /వార్/కాష్ విషయమున మాత్రమే సూటిగా వేసినది: అందలి ఫైళ్ళను ఎవరైన తుడిచివేసినను ప్రోగ్రాము తిరిగి తయారుచేసికొనగలిగి ఉండవలెను. మంచి నియమము. దీనినే మిగిలిన అరలకును వర్తింపజేసి, తిరిగి పుట్టించదగినవి, పుట్టించరానివి అని విభజించియున్నచో నాలుగు గళ్ళ పట్టిక ఎక్కువ ఉపయోగపడియుండెడిది.

స్థిరము అను మాటకు ఇచ్చిన నిర్వచనము ఇంకను బలహీనము. యంత్రమును నిర్వహించు అధికారి పూనుకొననిదే మారని ఫైలు స్థిరమట. అట్లైన /ఈటీసీలోని షాడో అను ఫైలు సంగతి ఏమి? అందు వాడుకరుల రహస్యపదముల గుర్తులు ఉండును. సామాన్య వాడుకరి ఎవరి అనుమతియు లేకయే తన రహస్యపదమును మార్చుకొనగలడు. మార్చిన క్షణమున ఆ ఫైలు మారును. పైగా 1970 జనవరి 1 మొదలు లెక్కించి ఎన్నవ దినమున మార్చెనో కూడ అందే వ్రాయబడును. ఇది హాజరుపట్టీలోని గీతవంటిదే గాని కాలపట్టికలోని గంట కాదు. నిర్వచనము ప్రకారము చూచినచో ఈ ఫైలు /ఈటీసీలో ఉండరాదు. ఉండకూడదని చెప్పు సాహసము నియమావళి చేయలేదు. ఉండవచ్చునని నిర్వచనమును సవరించనూ లేదు.

ఎమ్‌ట్యాబ్ అను ఫైలు విషయమున మాత్రము తప్పును ఒప్పుకొన్నారు. ఏ ఏ డిస్కులు ఇప్పుడు వ్యవస్థకు తగిలింపబడి ఉన్నవో తెలుపు జాబితా ఇది. డిస్కును తగిలించినప్పుడెల్ల ఒక పంక్తి చేరును, తీసివేసినప్పుడు పోవును. ఇంతకంటె స్పష్టమైన స్థితి ఫైలు ఉండబోదు. ఐనను పూర్వాచారమునుబట్టి అది /ఈటీసీలో కూర్చుండెను. ఫలితములు రెండు. మూలభాగమును వ్రాయుటకు వీలులేకుండ బిగించినచో జాబితా మారదు. యంత్రము హఠాత్తుగా ఆగిపోయినచో, అప్పుడు లేని డిస్కులు ఉన్నవని ఆ జాబితా అబద్ధమాడును. చరిత్ర కారణముగా దీనికి మినహాయింపు ఇచ్చుచున్నామని నియమావళి వ్రాసికొన్నది. అసలు పరిష్కారము వేరొకచోటనుండి వచ్చినది. ఏ డిస్కులు తగిలింపబడినవో వ్యవస్థ గర్భమున ఉండు కెర్నెలుకు ఎట్లును తెలియును. అది ఆ సంగతిని /ప్రాక్ అను అరద్వారా చూపుచునే యున్నది. కావున ఎమ్‌ట్యాబ్‌ను ఆ జాబితావైపు చూపు గురుతుగా మార్చివైచిరి. తెలిసినవానిని అడుగుట మాని వేరుగా ఒక ప్రతి వ్రాసి పెట్టుకొనుటలోనే అసలు దోషమున్నది.

గడియారము కథ ఇంతకంటె బోధకము. కంప్యూటరులో చిన్న బ్యాటరీపై నడచు క్వార్ట్జ్ గడియారమొకటి ఉండును. స్ఫటికము పదిలక్షలకు ఇరువది భాగముల మేర తప్పు నడచినచో దినమునకు దాదాపు 1.7 సెకన్లు తేడా వచ్చును. హెచ్‌డబ్ల్యూక్లాక్ అను ప్రోగ్రాము ఈ తేడాను కొలిచి, దినమునకు ఇంత అని అడ్జ్‌టైమ్ అను ఫైలులో వ్రాసికొని, తరువాత దానినిబట్టి కాలమును సవరించును. నియమావళి 2.1 పాఠము ఈ ఫైలును /ఈటీసీలో ఉంచినది. ప్రోగ్రామే వ్రాయు ఫైలు అమరికల అరలో ఉండుట స్పష్టముగా తప్పని తరువాతి పాఠము చెప్పి, దానిని /వార్/లిబ్‌లోనికి మార్చినది. ఆ మాట నేటికిని పత్రములో ఉన్నది. ప్రోగ్రాము మాత్రము కదలలేదు. నేటికిని అది వాడుకగా వ్రాయునది /ఈటీసీలోని ఫైలునే.

ఇందుకు ప్రోగ్రాము వ్రాసినవారి మొండితనమే కారణమని తలచరాదు. ఆ ఫైలులో మూడు పంక్తులు ఉండును. మొదటి రెండు తేడా లెక్కలు, సవరించిన వేళలు, అనగా స్థితి. మూడవ పంక్తిలో ఒకే మాట: ఆ గడియారము అంతర్జాతీయ ప్రమాణ కాలమును చూపుచున్నదా, స్థానిక కాలమును చూపుచున్నదా అని. ఇది అధికారి నిర్ణయించునది, అచ్చమైన అమరిక. యంత్రము మేల్కొను తొలి క్షణములలోనే ఈ మాట అవసరము. /వార్ వేరు డిస్కుభాగములో ఉన్నచో అప్పటికి అది ఇంకను తగిలింపబడి ఉండదు. నియమావళి చేయవలసినది ఈ ఫైలును చీల్చుమని చెప్పుట: మూడవ పంక్తి /ఈటీసీలో, మిగిలిన రెండు /వార్/లిబ్‌లో. అట్లు చెప్పక ఫైలు మొత్తమును ఒక అరనుండి వేరొక అరకు మార్చినారు. అందువలన అది మొదటి అరలో ఎంత తప్పో రెండవ అరలోను అంతే తప్పయినది. ఎఫ్.హెచ్.ఎస్. ప్రధాన దోషము ఇదియే. అది ఫైళ్ళకు చోటు వెదకును గాని ఫైలులోపలికి తొంగిచూడదు. అమరిక, స్థితి కలిసియున్న ఫైలును ఎచ్చట పెట్టినను సగము తప్పే.

3.0 పాఠమున చేరిన /రన్ అను అర మెచ్చదగినది. యంత్రము మేల్కొన్నది మొదలు నిద్రించువరకు మాత్రమే అర్థముగల స్థితి అందు ఉండును; మరల మేల్కొనునప్పుడు అది ఖాళీ కావలెను. ఉదాహరణకు ఒక సర్వీసు నడచుచున్నప్పుడు తన ప్రాసెస్ సంఖ్యను, 25 అని అనుకొందము, ఒక చిన్న ఫైలులో వ్రాసి అచ్చట ఉంచును. యంత్రము ఆగి మరల లేచిన తరువాత 25 అను సంఖ్య వేరొక ప్రోగ్రామునకు పోయి ఉండవచ్చును. పాత ఫైలు మిగిలియున్నచో, దానిని నమ్మి ఒకదానిని ఆపబోయి వేరొకదానిని ఆపుట జరుగును. ఈ అర రాకముందు, /వార్ తగిలింపబడక మునుపే మేల్కొను ప్రోగ్రాములు తమ స్థితిని ఉంచుకొనుటకు చోటులేక, పరికరముల పేర్లుండు /డెవ్‌లో చుక్కతో మొదలగు దాగుడు పేర్లతో దాచుకొనెడివి. 2011లో ఫెడోరా 15 మొదలైన కూర్పులు /రన్‌ను ప్రవేశపెట్టినవి. నియమావళి దానిని అంగీకరించుటకు నాలుగేండ్లు పట్టినది. వాడుక స్థిరపడిన తరువాత వ్యాకరణము వచ్చుట సహజమే. ఐనను పదునొకండేండ్లు ఒకే వ్యాకరణము కదలక ఉన్నదన్నచో, నడుమ వచ్చిన భాష దానికి వినబడలేదనియే అర్థము.

అమరికయు కాక, స్థితియు కాక మూడవ జాతి యొకటి ఉన్నది. దానిని గుర్తింపు అనవచ్చును. నేటి లినక్స్ కూర్పులలో /ఈటీసీలో మెషీన్ ఐడీ అను ఫైలు ఉండును. అందు ముప్పదిరెండు అక్షరముల సంఖ్య యొకటి. యంత్రము తొలిసారి మేల్కొన్నప్పుడో, వ్యవస్థను ఎక్కించినప్పుడో అది పుట్టును; తరువాత మారదు. దూరమునుండి యంత్రమును నడుపుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్ రహస్యపు తాళములును అట్టివే. వీనిని మనుష్యుడు ఆలోచించి వ్రాయలేదు గనుక అమరిక కావు. దినదినము మారవు గనుక మామూలు స్థితియు కావు. ఎఫ్.హెచ్.ఎస్. దృష్టిలో మారనిదెల్ల స్థిరమే. కావున ఇవి /ఈటీసీలో ఉండుటకు అభ్యంతరము లేదు.

ఆచరణలో చిక్కు ఇచ్చటనే వచ్చును. కళాశాల ప్రయోగశాలలో ఇరువది కంప్యూటర్లు వచ్చినవనుకొందము. ఒకదానిలో లినక్స్ ఎక్కించి, సరిచేసి, ఆ డిస్కునే తక్కిన పందొమ్మిదింటిలోనికి యథాతథముగా దింపుట వాడుక. అమరిక ఇరువదింటిలోను ఒకటే కావలెను, అదియే ఉద్దేశము. గుర్తింపు మాత్రము ఇరువదింటిలోను వేరుగా ఉండవలెను. రెండును ఒకే అరలో ఉన్నందున రెండును కలిసియే దిగును. అప్పుడు ఇరువది యంత్రములకును ఒకే మెషీన్ ఐడీ. ఆ సంఖ్యనుబట్టి నెట్‌వర్కు చిరునామా అడుగు ప్రోగ్రాములు ఉన్నచో, రెండు యంత్రములకు ఒకే చిరునామా దొరకి రెండును పనిచేయవు. ఎస్‌ఎస్‌హెచ్ రహస్యపు తాళమును ఒకటే. ఒక యంత్రమునుండి దానిని దొంగిలించినవాడు ఇరువదిగా వేషము వేయగలడు. తెలిసినవారు డిస్కును నకలు తీయుటకు ముందు మెషీన్ ఐడీని ఖాళీ చేసి, తాళములను తొలగించెదరు. తెలియనివారిని హెచ్చరించు వాక్యము నియమావళిలో లేదు. గుర్తింపునకు వేరొక అర కేటాయించియున్నచో హెచ్చరికయే అక్కరలేకపోయెడిది.

ఇంకొక మౌనము గమనింపదగినది. /ఈటీసీలోని అమరికలో కొంత సాఫ్ట్‌వేరు తయారుచేసినవారు పంపినది. కొంత స్థానికముగా అధికారి మార్చినది. రెండును ఒకే ఫైలులో కలిసియుండును. క్రొత్త పాఠము వచ్చినప్పుడు తయారీదారులును ఆ ఫైలును మార్చియున్నచో ఎవరి మాట నెగ్గవలెను? డెబియన్‌లో డీపీకేజీ అను ప్రోగ్రాము పని ఆపి, పాతది ఉంచుదునా, క్రొత్తది పెట్టుదునా అని అడుగును. అర్ధరాత్రి ఈ ప్రశ్న చూచి దిక్కుతోచక నిలిచిన నిర్వాహకులు లోకమున తక్కువమంది కారు. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ మేలైన త్రోవ చూపినది. తయారీదారుల అమరిక /యూఎస్ఆర్ క్రింద. అధికారి మార్పులు మాత్రమే /ఈటీసీలో. ఈ మేలుకొలుపునకు మాత్రము పనికివచ్చు తాత్కాలికములు /రన్‌లో. ఒకే పేరుతో మూడుచోట్ల ఉన్నచో /ఈటీసీది నెగ్గును, తరువాత /రన్‌ది, చివరకు /యూఎస్ఆర్‌ది. అప్పుడు /ఈటీసీ తెరచి చూచిన మాత్రమున ఈ యంత్రము ఇతరములకంటె ఏ విషయమున భిన్నమో తెలియును. 2015 నాటి 3.0 పాఠమునకు ఈ పద్ధతిని పరిశీలించు అవకాశము ఉన్నది. పరిశీలించిన జాడ లేదు.

ఆండ్రాయిడ్ ఫోనులో ఈ వివేకము ఎంతదూరము పోయినదో విద్యార్థులకు అనుభవముననే తెలియును. వ్యవస్థ ఫైళ్ళు చదువుటకే తప్ప వ్రాయుటకు వీలులేని భాగములో ఉండును. వాడుకరి అమరికలు, యాప్‌ల స్థితి వేరొక భాగములో ఉండును. ఫ్యాక్టరీ రీసెట్ అను మీట నొక్కినచో రెండవ భాగము మాత్రమే తుడిచివేయబడి ఫోను కొన్ననాటివలె లేచును. సామాన్య లినక్స్ కంప్యూటరులో అట్టి మీట ఏర్పరచుట సులభము కాదు. ఏది తుడువవచ్చునో, ఏది తుడువరాదో అరల పేర్లనుబట్టి నిశ్చయముగా చెప్పుటకు వీలులేకుండుటయే అందుకు ముఖ్యకారణము.

/వార్/లిబ్‌లోపలి సంగతియు ఇట్లే ఉన్నది. పోయినచో ఏడ్వవలసిన డేటాబేసు అందే. లాగ్ ఫైళ్ళను ఏ దినమున మడచిపెట్టెనో వ్రాసికొన్న చిన్న చీటీయు అందే. యంత్రము ప్రపంచమునకు అందించు సమాచారమునకని /ఎస్ఆర్‌వీ అను అర ఏర్పరచిరి గాని, దానిలోపలి ఏర్పాటు ఎట్లుండవలెనో ఏకాభిప్రాయము లేదని చెప్పి చేతులు దులుపుకొనిరి. అందుచేత వెబ్‌సైటు ఫైళ్ళు నియమావళిలో పేరే లేని /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో స్థిరపడినవి. వాడుకరి సొంత ఫైళ్ళకు సంబంధించిన ఎక్స్‌డీజీ నియమావళి ఈ విషయమున కొంత చురుకుగా ఉన్నది. అమరిక, సమాచారము, కాష్ అను మూడు అరలతో నడచుచు, స్థితి ఈ మూడింటిలో దేనిలోను ఇమడదని గ్రహించి, 2021లో దానికి నాలుగవ అర చేర్చినది.

ఈ విమర్శలోని సత్యాసత్యములను విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. ప్రయోగశాలలో లినక్స్ కంప్యూటరు ఉన్నచో, ఒకదినము దాని అమరికలను ఎవరును ముట్టకుండ మామూలుగా వాడవలెను. మరునాడు ఫైండ్ అను ఆదేశముతో, గడచిన 24 గంటలలో /ఈటీసీలో మారిన ఫైళ్ళను చూపుమని అడుగవలెను. నియమావళి అక్షరశః అమలు జరుగుచున్నచో జాబితా ఖాళీగా రావలెను. ప్రింటరు తగిలించిన యంత్రములలో సాధారణముగా అట్లు రాదు. ప్రింటరులను నడుపు కప్స్ అను సర్వీసు తన అరలోని ప్రింటర్స్ కాన్ఫ్ అను ఫైలును తానే తిరుగవ్రాయుచుండును. ఆ ఫైలు తెరచి చూచినచో ప్రింటరు పేరు, అది ఉన్నచోటు అను అమరికల ప్రక్కనే, అది పనికి సిద్ధముగా ఉన్నదా ఆపివేయబడి ఉన్నదా, ఏ క్షణమునుండి అట్లున్నది అను పంక్తులును కనిపించును.